పన్ను అనే మాట చూడగానే బుర్రకి ముందు ఏది తడుతుంది? ఎంతసేపట్లో?

చదువరి_గొంతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఆడియో పుస్తకాలకి గొంతిస్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైకు ముందు కూర్చుని, ఇంకొకరు రాసిన వాక్యాలు గంటల తరబడి పైకి చదవడమే నా పని. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. కన్ను ఎప్పుడూ గొంతు కంటే ముందు నడుస్తుంది. నోరు ఒక మాట మీద ఉంటే కన్ను అప్పటికే ఆ పై మాట మీదో, దాని తర్వాతి మాట మీదో ఉంటుంది. చదువుతుండగా ఉన్నట్టుండి కరెంటు పోయినా ఇంకో మాటో రెండు మాటలో నోట్లోంచి వచ్చేస్తాయి. అవి కన్ను ముందే తెచ్చిపెట్టినవి.

దీంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఇలాంటి వాక్యాలతో. ఏ పుస్తకంలోదీ కాదు, నమూనాకి నేనే రాశాను:

"ఎన్నాళ్ల నుంచో బాధపెడుతున్న పన్ను ఆయన ఆ ఏడాది చివర్లో వడ్డీతో సహా కట్టేశాడు."

ముందుగా చూసుకోకుండా నేరుగా చదివితే 'బాధపెడుతున్న పన్ను' దగ్గర గొంతు దవడ నొప్పి ఉన్న మనిషిలా పలుకుతుంది. కొంచెం సాగుతుంది, కొంచెం కిందికి దిగుతుంది. 'వడ్డీతో' దగ్గరికి వచ్చాక స్వరం తేరుకుంటుంది గానీ అప్పటికే ఆలస్యం. రికార్డింగ్ వెనక్కి తిప్పి వింటే తేడా ఎంత తెలిసిపోతుందంటే, ఆ ఒక్క మాట కోసి విడిగా వినిపించినా అది నోట్లో ఉండే పన్నే తప్ప ప్రభుత్వానికి కట్టేది కాదని చెప్పేయొచ్చు. అలా పలకాలని నేను ఎప్పుడు అనుకున్నాను? అనుకున్న గుర్తే లేదు.

అడగాలనుకున్నది ఇది. ఆ మాట కంట పడ్డ క్షణంలో బుర్రకి ఒక్క అర్థమే తడుతుందా, రెండూ తట్టి ఒకటి రాలిపోతుందా? అది జరగడానికి ఎంత సేపు పడుతుంది? ఇంకో వింత కూడా ఉంది. పొద్దుటి నుంచి కోర్టు, లెక్కలు, ఆస్తి తగాదాలు ఉన్న అధ్యాయాలు చదివిన రోజున ఇదే వాక్యం వస్తే గొంతు తడబడదు, తిన్నగా డబ్బు అర్థంలోకే వెళుతుంది. వాక్యం మారలేదు, మరి ఏం మారింది? చివరిగా, ఇదంతా అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు ఎందుకు మొరాయిస్తుంది? అంటే, అర్థం స్పష్టంగా మనసులో ఉంటుంది, మాట మాత్రం నాలిక చివర ఆగిపోతుంది. తెలిసినవాళ్లు చెప్పండి. పాఠ్యపుస్తకం భాష వద్దు, దయచేసి.


తలమీద_తీగలు (జవాబు):

చదువరి గారూ, చదువుకునే రోజుల్లో కొంతకాలం ఒక ఈఈజీ ల్యాబ్‌లో, అంటే తల మీద తీగలు పెట్టి మెదడులోని విద్యుత్తు కదలికలు కొలిచే చోట, పనిచేశాను. పెద్ద హోదా ఏమీ కాదు. ప్రయోగానికి వచ్చినవాళ్ల తలకి టోపీ తొడగడం, ఒక్కో ఎలక్ట్రోడ్ కింద సిరంజితో జెల్ ఎక్కించడం, అయిపోయాక జుట్టు కడుక్కోవడానికి షాంపూ, తువ్వాలు ఇవ్వడం. మీరు అడుగుతున్నది సరిగ్గా మేం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల తలలో వెతికిందే.

ముందు కొలిచే పద్ధతి చెబుతాను, లేకపోతే అంకెలు గాల్లోంచి ఊడిపడ్డట్టు ఉంటాయి. తెర మధ్యలో వాక్యం ఒక్కో మాటగా వస్తుంది, ఒక్కోటి అర సెకను చొప్పున. కుర్చీలోని మనిషికి మేం చెప్పేది ఒకటే: వాక్యం అయ్యేదాకా రెప్ప వేయకండి. ఎందుకంటే ఒక్క రెప్పపాటుకి గ్రాఫులో గీత వంద మైక్రోవోల్టులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఎగురుతుంది. మాకు కావలసినదేమో నాలుగైదు మైక్రోవోల్టుల కదలిక. ఒక్క వాక్యానికి అది కనబడనే కనబడదు, మెదడు సొంత రొదలో కలిసిపోతుంది. అందుకే అలాంటి వాక్యాలు పదుల కొద్దీ చూపించి, ప్రతిసారీ ఆ మాట తెర మీదికి వచ్చిన క్షణాన్ని సున్నాగా పెట్టుకుని, అన్నిటినీ కలిపి సగటు తీస్తారు. రొద ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది, మాటకి సంబంధించిన అల మిగులుతుంది. మొదటిసారి ఆ సగటు గీత తేరుతుంటే చూడటం, నిజం చెప్పాలంటే, ఆ ల్యాబ్‌లో నాకు దక్కిన ఒకే ఒక్క వినోదం.

ఆ అలని మొదట పట్టుకున్నది మార్టా కూటస్, స్టీవెన్ హిల్యార్డ్. 1980లో సైన్స్ పత్రికలో వేశారు. వాళ్లు వాడిన వాక్యాల్లో ఒకటి ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు: "అతను వెచ్చటి రొట్టె మీద సాక్సులు పూశాడు." ఇంగ్లిష్‌లో 'సాక్సులు' చివర వస్తుంది. ఆ మాట కనబడ్డ సుమారు 200 మిల్లీసెకన్ల తర్వాత గీత రుణ దిశలోకి మళ్లడం మొదలై, 400 దగ్గర శిఖరానికి చేరి, 500, 600 మధ్యలో సర్దుకుంటుంది. అందుకే దానికి ఎన్400 అని పేరు, ఎన్ అంటే నెగటివ్, రుణం. 'ఏదో వింత కనబడితే మెదడు ఉలిక్కిపడింది, అంతేగా' అనుకోవచ్చు. అలా అనుకుంటారనే వాళ్లు అర్థం సరిగ్గా కుదిరిన మాటనే ఉన్నట్టుండి పెద్ద అక్షరాల్లో కూడా చూపించారు. అదీ వింతే, కానీ అప్పుడు గీత ఎదురు దిశలో, ధనం వైపు కదిలింది. కాబట్టి ఎన్400 ఉలికిపాటు కాదు. అర్థానికి సంబంధించిందే.

ఆ తర్వాత తేలిన అసలు విషయం ఏంటంటే, ఈ అల తప్పు వాక్యాలకే పరిమితం కాదు. అర్థమున్న ప్రతి మాటకీ వస్తుంది. ముందున్న మాటలు దారి సుగమం చేసి ఉంటే చిన్నగా వస్తుంది, చేయకపోతే పెద్దగా వస్తుంది. మీరు చదివే ప్రతి వాక్యంలో మాట మాటకీ మీ తలలో ఇది లేచి పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ పన్ను సంగతి. రెండూ తడతాయా అంటే, తడతాయి. డేవిడ్ స్విన్నీ 1979లో చేసిన ప్రయోగం దీనికి మూలం. ఇంగ్లిష్‌లో 'బగ్స్' అంటే పురుగులూ అవుతాయి, చాటుగా మాటలు వినడానికి గోడల్లో దాచే మైకులూ అవుతాయి. హెడ్‌ఫోన్స్‌లో ఒక వాక్యం వినిపిస్తారు. 'గది మూలలో సాలెపురుగులు, బొద్దింకలు, ఇంకా రకరకాల బగ్స్' అని స్పష్టంగా పురుగుల అర్థంలోనే ఉంటుంది. సరిగ్గా 'బగ్స్' వినబడి పూర్తయిన క్షణాన తెర మీద కొన్ని అక్షరాలు కనబడతాయి. అది నిజమైన మాటా కాదా అని మీట నొక్కాలి, అంతే పని. అప్పుడు 'చీమ' వచ్చినా గబుక్కున నొక్కారు, 'గూఢచారి' వచ్చినా గబుక్కున నొక్కారు. ఏ సంబంధమూ లేని 'కుట్టు' వస్తే నెమ్మదించారు. అంటే వాక్యం అంత గట్టిగా పురుగుల వైపు తోస్తున్నా రెండో అర్థం కూడా తెరుచుకునే ఉంది. అదే పరీక్ష 'బగ్స్' తర్వాత వాక్యం ఇంకో మూడు అక్షరాలు సాగాక పెడితే 'చీమ' ఒక్కదానికే వేగం మిగిలింది. 'గూఢచారి' మూసుకుపోయింది.

విన్నవాళ్లెవరికీ మైకుల ఊసు మనసులో మెదిలినట్టే తెలియదు. మీకు 'అనుకున్న గుర్తే' లేకపోవడానికి కారణం అదే.

మీ వాక్యానికి ఇది తగిలించి చూడండి. కన్ను ఒక మాట మీద ఆగేది మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు. గొంతు కన్నుకి అర సెకను అటూ ఇటూ వెనకబడి ఉంటుంది. ఆ అర సెకనులో రెండు పన్నులూ తెరుచుకుని, 'బాధపెడుతున్న' చేసిన సిఫారసు మీద పంటికి కుర్చీ దక్కి, రెండోది బయటికి పోయింది. 'వడ్డీతో' ఇంకా ఐదు మాటల దూరంలో ఉంది. గొంతు 'పన్ను' పలికే వేళకి తీర్పు అయిపోయింది. మీరు పలికింది ఆ తీర్పునే.


అనుమానప్పక్షి (జవాబు):

బాగా చెప్పారు గానీ రెండు చోట్ల నాకు లెక్క కుదరడం లేదు.

ఒకటి. కన్ను పావు సెకనులో తర్వాతి మాటకి దూకేస్తుందని మీరే అన్నారు. అర్థం 400 మిల్లీసెకన్లకి వస్తుందనీ మీరే అన్నారు. మరి అర్థం రాకుండానే కన్ను ముందుకి ఎలా వెళుతోంది? అప్పు పేరుకుపోదా?

రెండు. 'బాధపెడుతున్న' అని ముందే ఉన్నప్పుడు డబ్బు అర్థం తెరుచుకోవడం శుద్ధ దండగ కదా. మెదడు అంత దుబారా మనిషా?

పైగా మన వాక్యంలో ఈ గొడవ పన్ను ఆ ఒక్క రూపంలో ఉన్నప్పుడే. 'పంటి నొప్పి', 'పంటిని', 'పళ్లు' అంటే నోరు. 'పన్నును', 'పన్నులు' అంటే డబ్బు. విభక్తి తగిలిందంటే తగాదా తీరిపోయినట్టే. కాబట్టి ఇంగ్లిష్ బగ్స్‌తో చేసిన ప్రయోగాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం అంత తేలిక కాదని నా అనుమానం.


తలమీద_తీగలు:

పక్షి గారూ, మంచి చోటే పొడిచారు.

మొదటిదానికి: 400 అనేది శిఖరం, గుమ్మం కాదు. అర్థం ఆ క్షణాన పార్సిల్‌లా వచ్చి పడదు. 200 దగ్గర్నుంచే కొంచెం కొంచెంగా చిక్కబడుతూ ఉంటుంది. ఒక మాట ఇంకా సర్దుకుంటుండగానే తర్వాతి మాట మొదలవుతుంది, ఎప్పుడు చూసినా రెండు మూడు మాటలు వేర్వేరు దశల్లో ఉంటాయి. పైగా కన్ను ఒక మాట మీద ఉండగానే పక్క మాటని ఓరగా కొంత చూసేస్తుంది కూడా. అప్పు పేరుకుపోదు, వాయిదాల్లో తీరుతూ ఉంటుంది.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఎలక్ట్రోడ్లు అక్కర్లేనిది. 1973లో విలియం మార్స్లెన్-విల్సన్ కొందరిని కూర్చోబెట్టి చెవిలో పడుతున్న మాటలని వెంటవెంటనే తిరిగి పలకమన్నాడు. కొందరు మరీ ఘటికులు, పావు సెకను వెనకే అంటిపెట్టుకుని పలికేశారు. పావు సెకను అంటే మాట సగం వినబడుతుండగానే అన్నమాట. తమాషా ఏంటంటే, వాళ్లు అక్కడక్కడ పొరపాటు పలికినా ఆ పొరపాటు కూడా వాక్యానికి అతికేలాగే ఉంది, వ్యాకరణంలోనూ, అర్థంలోనూ. అర్థం తెలియకుండా చిలక పలుకుల్లా పలికి ఉంటే అలా కుదరదు. అంటే 250 మిల్లీసెకన్లకే అర్థం పనిలోకి దిగింది.

రెండోదానికి: దుబారాయే, కానీ ఎప్పుడూ ఒకే మోతాదులో కాదు. స్విన్నీ తర్వాత దీని మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 1988లో డఫీ, మోరిస్, రేనర్ కంటి కదలికలు కొలిచి చెప్పినదాన్ని బట్టి, రెండు అర్థాలూ సమానంగా వాడుకలో ఉన్న మాటైతే, ముందు ఏ ఆధారమూ లేనప్పుడు కన్ను అక్కడ ఎక్కువసేపు ఆగుతుంది. ముందే ఆధారం ఉంటే ఆగదు. అదే ఒక అర్థం బాగా వాడుకలో ఉండి రెండోది అరుదైతే తిరకాసు వేరే. ఆధారం అరుదైన అర్థం వైపు చూపిస్తున్నా కన్ను అక్కడ తచ్చాడుతుంది. ఎందుకంటే బలమైన అర్థం పిలవకపోయినా లేచి కూర్చుంటుంది. దాన్ని అణచడానికి సమయం పడుతుంది. సందర్భం సాయం చేస్తుంది గానీ పెద్దరికం ఉన్న అర్థం నోరు మూయించలేదు.

మూడోది, విభక్తి సంగతి. మీరు చెప్పింది నిజం, అది మన అదృష్టం కూడా. క్రియ చివర వచ్చే భాషల్లో వినేవాళ్లు క్రియ కోసం చేతులు ముడుచుకుని కూర్చోరు. యుకి కమిదే, జెరీ ఆల్ట్‌మన్ బృందం 2003లో జపనీస్ వాక్యాలతో చూశారు. జపనీస్‌లోనూ మనలాగే విభక్తులు ముందు, క్రియ చివర. 'వెయిట్రెస్', ఆ తర్వాత 'కస్టమర్‌కి' అని వినబడగానే, ఇచ్చే పనో తెచ్చే పనో వస్తుందని ఊహించి, బొమ్మలో ఇవ్వదగిన వస్తువు మీదికి కళ్లు వెళ్లిపోయాయి. అప్పటికి వస్తువు పేరూ రాలేదు, క్రియా రాలేదు. ఆ ఒక్క 'కి' చాలింది. కానీ చదువరి గారి వాక్యంలో పన్నుకి ఏ ప్రత్యయమూ లేదు. మనం వ్యవహారంలో ప్రాణం లేనివాటికి 'ను' వదిలేస్తాం కదా, 'పన్ను కట్టాడు', 'పన్ను పీకించుకున్నాడు' అంటాం. అక్కడే గొంతు ఇరుక్కుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఎన్400 సరిగ్గా దేన్ని చూపిస్తుందన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. జ్ఞాపకంలోంచి అర్థాన్ని పైకి తేవడంలో పడే శ్రమ అని కొందరు, తెచ్చినదాన్ని వాక్యంలో అతకడంలో పడే శ్రమ అని ఇంకొందరు. నా మొగ్గు మొదటివైపు. ఎందుకంటే 2006లో మాంటే నూలాండ్, యోస్ వాన్ బెర్కమ్ ఒక కథ చెప్పారు. అందులో ఒక వేరుశెనగ గింజ ఆడుతుంది, పాడుతుంది, ఒక బాదం పప్పు మీద మనసు పడుతుంది. కథ అంతా విన్నాక 'వేరుశెనగ ప్రేమలో పడింది' అంటే అల చిన్నగా వచ్చింది, 'వేరుశెనగకి ఉప్పు వేశారు' అంటే పెద్దగా వచ్చింది. లోకంలో వేరుశెనగకి ఉప్పే సహజం. కానీ కథ ఆ గింజ చుట్టూ వేరే లోకం కట్టేసింది, అందులోంచి ప్రేమ అందుకోవడం తేలికైంది. రెండో పక్షం వాళ్లు ఇదే ప్రయోగాన్ని తమకి అనుకూలంగా చెప్పుకోగలరు, అదీ తెలుసు.

చదువరి గారి మూడో ప్రశ్నకి కూడా ఇక్కడే. కోర్టు అధ్యాయాలు చదివాక అర్థం మారిపోవడం మీ ఊహ కాదు. జెనీ రాడ్ బృందం 2013లో చూపించింది ఇదే. రెండర్థాల మాటని ఒక్కసారి, ఒక్క వాక్యంలో, అరుదైన అర్థంలో వినిపించి, సుమారు 20 నిమిషాల తర్వాత ఆ మాట విడిగా ఇచ్చి మనసుకి వచ్చింది చెప్పమంటే ఆ అరుదైన అర్థం వైపు మొగ్గు పెరిగింది. 2016లో పడవ పందేల వాళ్లని పరీక్షించారు. ఇంగ్లిష్‌లో ఈక, చతురస్రం లాంటి మామూలు మాటలకి తెడ్డు వేసే ఆటలో వేరే అర్థాలున్నాయి. ఆ ఆటలో ఉన్నవాళ్లకి ఆ అర్థాలే ముందు తట్టాయి, ఈమధ్య తెడ్డు పట్టినవాళ్లకి మరింతగా. నిఘంటువులో ఏ అర్థం మొదట ఉందో మెదడుకి పట్టదు. నిన్నా మొన్నా మీరు దేంతో గడిపారో అదే పైన ఉంటుంది.


మాట_సాయం (జవాబు):

నాలిక చివర ఆగే మాట గురించి నేను చెబుతాను. పక్షవాతం వచ్చాక మాట పోయినవాళ్లకి మళ్లీ మాట తెప్పించే పనిలో ఉన్నాను, స్పీచ్ థెరపీ.

పైన చెప్పుకున్నదంతా మాట నుంచి అర్థానికి. మాట్లాడేటప్పుడు దారి తిరగబడుతుంది: అర్థం నుంచి మాటకి, మాట నుంచి శబ్దాలకి. బాగా తెలిసిన వస్తువు బొమ్మ చూపిస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి నోరు తెరవడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అదేమిటో గుర్తుపట్టడం, మాట ఎంచుకోవడం ఆ సమయంలో మొదటి సగం లోపే అయిపోతాయి. మిగతాదంతా శబ్దాలు కూర్చుకోవడానికి, నోటిని సిద్ధం చేసుకోవడానికి. 1998లో డచ్ భాష మీద చేసిన ఒక ఈఈజీ ప్రయోగంలో, వ్యాకరణంలో మాట లింగం ఏమిటో తెలిసిన 40 మిల్లీసెకన్ల తర్వాత గానీ దాని మొదటి శబ్దం అందలేదు. అంటే మాట దొరికినా శబ్దం ఇంకా దొరకని ఒక సన్నటి సందు అందరికీ ఉంటుంది. మనకి అది తెలియదు. ఆ సందు సాగితేనే 'నాలిక మీదే ఉంది, రావడం లేదు'.

1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ విద్యార్థులకి అరుదైన మాటల నిర్వచనాలు చదివి వినిపించారు. నావికులు సూర్యుడి ఎత్తు కొలిచే పరికరం పేరు చెప్పమన్నారు, అలాంటివి. మాట అందక గింజుకుంటున్నవాళ్లు కూడా సగానికి పైగా సార్లు మొదటి అక్షరం సరిగ్గా చెప్పారు, మాట ఎంత పొడుగో కూడా చాలాసార్లు చెప్పగలిగారు. అంటే శబ్దం కూడా ముక్కలుగానే వస్తుంది, వస్తే అంతా రావాలని లేదు.

నా బల్ల దగ్గర ఇది రోజూ కనబడుతుంది. తాళంచెవి బొమ్మ పెడతాను. ఎదురుగా ఉన్నాయన దాన్ని చూసి తల ఊపుతాడు, మణికట్టు తిప్పి తలుపు తెరిచినట్టు చేసి చూపిస్తాడు, 'అదే... అదేనండీ' అంటాడు. అర్థానికి ఏ లోటూ లేదు. నేను పెదవులు కదిలిస్తూ 'తా...' అంటాను. 'తాళంచెవి!' అని ఒక్క ఊపున వచ్చేస్తుంది, ఆయనకే ఆశ్చర్యం. ఒక్క శబ్దం తోడు దొరికితే చాలు.

దీని పక్కన ఇంకో రకం పెట్టి చూడండి. సెమాంటిక్ డిమెన్షియా అని ఒక జబ్బు ఉంది. ఈ రకం లోపాన్ని 1975లో ఎలిజబెత్ వారింగ్టన్ వివరంగా రాసింది. కణతల వెనక ఉండే టెంపొరల్ భాగం ముందు కొస క్రమంగా కుంచించుకుపోతుంది. వీళ్లు గలగలా మాట్లాడతారు, వ్యాకరణం చెక్కుచెదరదు. కత్తెర బొమ్మ పెడితే పేరు రాదు. 'క...' అన్నా లాభం లేదు, 'కత్తె...' అన్నా లాభం లేదు. చివరికి నేనే 'కత్తెర' అంటే నా వైపు మర్యాదగా చూసి, 'కత్తెర అంటే ఏంటండీ?' అని అడుగుతారు. ఆ ప్రశ్న మొదటిసారి విన్నప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు. ఇక్కడ తెగింది శబ్దం దగ్గర కాదు, అర్థం దగ్గరే. అది కూడా ఒక్కసారి పోదు. పిచ్చుక పోయి పక్షి మిగులుతుంది, కొన్నాళ్లకి పక్షీ పోయి 'జంతువు' మిగులుతుంది. ప్రత్యేకమైనవి ముందు, సాధారణమైనవి చివర.

వయసు మీద పడ్డవాళ్లకి ఒక మాట, ఎందుకంటే ఇలాంటి చర్చ చూసి టెన్షన్ పడేది వాళ్లే. నాలిక చివర ఆగిపోవడం వయసుతో అందరికీ పెరుగుతుంది, ముఖ్యంగా మనుషుల పేర్లతో. పేరుకీ మనిషికీ మధ్య అర్థం అనే వంతెన లేదు కదా. 'బేకర్' అనేది రొట్టెలు చేసే వృత్తిగా చెబితే గుర్తుంటుంది, అదే ఇంటిపేరుగా చెబితే జారిపోతుంది అని 1987లోనే ఒక ప్రయోగంలో తేలింది. మాట విని అర్థం అందుకోవడంలో మాత్రం పెద్దవాళ్లు దిట్టలే. ఎన్400 శిఖరం ఏడాదికి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, అంతే. అర్థాలు పోవడం, పేర్లు ఆలస్యం కావడం రెండు వేర్వేరు సంగతులు. 'ఆ మాట అంటే ఏమిటి' అని ఇంట్లో ఎవరైనా మామూలు మాట గురించి పదే పదే అడుగుతుంటే అప్పుడు డాక్టర్‌కి చూపించాలి.


చదువరి_గొంతు:

అందరికీ ధన్యవాదాలు. తీగలు గారూ, 'గొంతు పలికే వేళకి తీర్పు అయిపోయింది' అన్నారు చూడండి, నా పనికి అది నేరుగా తగులుతుంది. ఇకపై స్క్రిప్టు మీద పెన్సిల్‌తో క్రియలని ముందు గుర్తుపెట్టుకుని అప్పుడు పైకి చదువుదామని ఉంది. పేజీ అంతా కాదు, రెండర్థాల మాట ఉండి విభక్తి లేని చోట్ల మాత్రమే. పక్షి గారు చెప్పిన పంటి, పన్నును తేడా అలాంటి చోట్లు పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.

ఒక చిన్న అనుబంధం ప్రశ్న. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ రీటేక్ చేస్తుంటే కాసేపటికి అందులో మాట ఉత్త చప్పుడులా అయిపోతుంది. పన్ను, పన్ను, పన్ను. నోరు పలుకుతుంది, లోపల ఏమీ కదలదు. అప్పుడు ఏ భావంతో చదివినా బొమ్మ చదివినట్టే ఉంటుంది. ఇది కూడా మీరు చెప్పిన దాంట్లో భాగమేనా?


అనుమానప్పక్షి:

నాకూ ఉంది ఇది. చిన్నప్పుడు నా పేరు నేనే అనుకుంటూ ఉంటే ఎవరిదో పేరులా అనిపించేది.


తలమీద_తీగలు:

భాగమే. దానికి సెమాంటిక్ శాటియేషన్ అని పేరు పెట్టింది లియోన్ జాకోబోవిట్స్, 1962లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రాసిన పరిశోధన గ్రంథంలో. అలిసిపోయేది అక్షరాలని చూసే భాగమా, అర్థమా, రెండిటి మధ్య దారా అని చాలాకాలం తేలలేదు. 2010లో వచ్చిన ప్రయోగాలు మధ్య దారి వైపు చూపించాయి. అదే మాట పదే పదే చూపిస్తే జవాబులు నెమ్మదించాయి. అదే అర్థాన్ని వేర్వేరు మాటలతో గుర్తుచేస్తూ పోతే నెమ్మదించలేదు. అంటే అర్థం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది, ఆ ఒక్క మాట నుంచి దానికి వెళ్లే దారి మాత్రం మొద్దుబారింది.

కాబట్టి రీటేక్ మధ్యలో అదే వాక్యాన్ని లోపల మళ్లీ నెమరేయకండి. అది దారిని ఇంకా మొద్దు చేస్తుంది. ఆ విషయాన్నే వేరే మాటల్లో చెప్పుకోండి: బకాయి, వసూలు, నోటీసు, జరిమానా. లేదా కింది పేరా రికార్డు చేసేసి, తర్వాత వెనక్కి వచ్చి ఈ వాక్యం అతికించండి. ఎడిటింగ్ చేసేవాళ్లు తిట్టుకుంటారేమో, అది మీరూ వాళ్లూ చూసుకోవాలి.